నాలుగున్నర నెలలు క్యాంపర్ మూసి పెట్టాలి, ఎలుకలు దూరకుండా ఏం చేయాలి?

సంచారి_షామీర్‌పేట | మే 24, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బ్యాంకు నుంచి రిటైరయ్యాక ముచ్చటపడి కట్టించుకున్న బండి నాది. పాత ట్రావెలర్ వ్యాను కొని లోపల మంచం, చిన్న సింకు, ఒక బర్నర్ స్టౌ, పైన సోలార్ పలక పెట్టించాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాని ఎత్తు పట్టదు. అందుకని షామీర్‌పేట దాటాక మా బావమరిది ప్లాటులో ఉంచుతున్నాను. ప్రహరీ ఉంది, గేటుంది, కాపలాకి ఒక తాత ఉన్నాడు. ఒక పక్క మక్కజొన్న చేను, ఇంకో పక్క ఎవరిదో కోళ్ళ షెడ్డు.

జూన్ 3న అమ్మాయి పురుటికని న్యూజెర్సీ వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. తిరిగొచ్చేది అక్టోబరు మూడో వారం. పోయినేడు పది రోజులు ఊళ్ళో లేకపోతేనే డాష్‌బోర్డు వెనక వైర్లన్నీ కొరికి పెట్టాయి. పద్దెనిమిది వేలు వదిలింది. ఈసారి నాలుగున్నర నెలలు, అదీ వానాకాలం.

ఇప్పటికి అనుకున్నవి: రెండు కిలోల కలరా ఉండలు, ఆన్‌లైన్‌లో దొరికే శబ్దం చేసే మిషను, పుదీనా నూనె, లోపల నాలుగు మూలలా ఎలుకల మందు బిళ్ళలు. చాలవంటే చెప్పండి, ఇంకా కొంటాను.

రాణిగంజ్_రెంచీ | మే 24, రాత్రి 9:40

అన్నా, నువ్వు రాసినయన్నీ కొంటే దుకాణపాయన బాగుపడ్తడు, బండి కాదు. వానలు పడుడు షురువైనంక మా షెడ్డుకు నెలకు నాలుగైదు బండ్లొస్తయ్, ఎల్కలు కొరికినయని. సగం బండ్లల్ల గా ఉండలు దొరుకుతయ్. ఒకదాంట్లనైతే ఉండల్ని పక్కకు నూకి మరీ గూడు పెట్టింది.

ముందుగాల ఒక్క పని చెయ్. రాత్రి లోపల పెద్ద లైటు పెట్టి తలుపులన్నీ మూసెయ్. బయట చీకట్ల బండి కింద పండుకొని పైకి చూడు. ఏడేడ వెలుతురు కనిపిస్తదో ఆడ పొక్క ఉన్నట్టే. సుద్దతోని గుండ్రంగ గుర్తు పెట్టుకో. ఫోటోలు తీసి ఈడ పెట్టు, అప్పుడు మాట్లాడుదం.

వంటబండి | మే 24, రాత్రి 10:05

కలరా ఉండలు మాత్రం వద్దు బాబాయ్ గారూ, దెబ్బతిని చెబుతున్నాను. నాది చిన్న ఓమ్నీ, వెనక వంట సరంజామా. రెండేళ్ళ క్రితం వానాకాలం మూడు నెలలు కదపకుండా ఉంచి కిలో ఉండలు చల్లాను. తీసి చూద్దును కదా, పరుపు, కర్టెన్లు, చెక్క, ఆఖరికి పోపుల డబ్బా కూడా అదే కంపు. నాలుగుసార్లు ఎండలో పడేసినా పోలేదు. అయినా మొండిగా అరకు వెళ్ళి ఒక రాత్రి పడుకున్నాం. తెల్లారేసరికి మా వాడికి తలనొప్పి, వాంతులు. ఆ పరుపు పారేశాను.

ఎలుకలు రాలేదా అంటే, సీటు కింద స్పాంజి తవ్వుకుని హాయిగా కాపురం చేశాయి. ఉండలేకపోయింది మేమే.

జువాలజీ_మాస్టారు | మే 25, ఉదయం 6:20

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు, కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

అన్నిటినీ కలిపి ఎలుక అనేస్తున్నాం గానీ, చేనూ కోళ్ళ షెడ్డూ పక్కనున్న ప్లాటులో కనీసం నాలుగు జీవాలు తిరుగుతుంటాయి. ఒకటి చిట్టెలుక. దానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిలు దూరేచోట అదీ దూరుతుంది. రెండు, ఇంటి ఎలుక. దీనికి 12 మిల్లీమీటర్లు కావాలి, కానీ ఎక్కడంలో దిట్ట. తాడు, కొమ్మ, వైరు, టైరు, ఏది దొరికినా పైకి పాకేస్తుంది. మూడు, పందికొక్కు. ఎక్కదు, తవ్వుతుంది. గట్టు కింద బొరియ పెట్టి గింజలు దాచుకునేది ఇదే. ఇంగ్లీషువాళ్ళ బ్యాండికూట్ మన పందికొక్కులోంచి పుట్టిన మాటే. తరవాత ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉన్న వేరే జంతువుకి కూడా ఆ పేరే తగిలించారు, రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

నాలుగోది చుంచు. మూతి పొడుగ్గా ఉండి గోడవారన కిచకిచమంటూ పోతుంది. అది అసలు ఎలుక జాతే కాదు. బొద్దింకలూ పురుగులూ తింటుంది, వైర్ల జోలికి రాదు. కనిపిస్తే వదిలేయండి, మీ పనే చేస్తోంది.

ఎలుక వైరు కొరికేది రుచికి కాదు. దాని ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. కనక కొరకవద్దని దాన్ని ఒప్పించలేం. లోపలికి రానివ్వకపోవడమొక్కటే మన చేతిలో ఉన్నది.

ఇక ఆ ఉండలు నాఫ్తలీన్. బట్టల పురుగుకి తయారుచేసినవి, ఎలుకకి కావు. మూసిన చోట ఆ ఆవిరి పేరుకుంటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకైతే ఎర్ర రక్తకణాలే పగిలిపోతాయి. చంటిపిల్ల పుట్టబోయే ఇంట్లోవారు మీరు, రేపు ఆ పిల్ల ఈ బండి ఎక్కదా?

డెట్రాయిట్_డబ్బా | మే 25, ఉదయం 8:02

మాది చలి ప్రాంతం, బండి మూసిపెట్టే సీజను వేరు. మిషిగన్‌లో మేం అక్టోబరు ఆఖరుకి ట్రెయిలర్ మూసి ఏప్రిల్‌లో తీస్తాం. మీకు వాన భయం, మాకు మంచు. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగలకుండా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయడం మాకు అదనపు పని, అది మీకు అక్కర్లేదు. మంచు పడ్డాక ఎలుకలు పోతాయనుకునేవాణ్ణి. పోవు. నేలకీ మంచుపొరకీ మధ్య సందులో సొరంగాలు చేసుకుని నేరుగా చక్రం దాకా వస్తాయి.

శబ్దం మిషను గురించి: 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అరవైకి పైగా తయారీదార్లకీ అమ్మకందార్లకీ హెచ్చరిక లేఖలు పంపింది, రుజువు లేకుండా ఎలుకలు పారిపోతాయని చెప్పొద్దని. ఆ శబ్దం పరుపునీ చెక్కనీ దాటదు. కొద్ది రోజుల్లో ఎలుక దానికి అలవాటు పడిపోతుంది. నేను కొన్నది ఇప్పుడు మా అబ్బాయి సైన్సు ప్రాజెక్టులో భాగమైంది.

పుదీనా నూనె వాసన బాగుంటుంది. వారంలో ఎగిరిపోతుంది. మీరు నాలుగున్నర నెలలు పోతున్నారు.

తోలిచౌకి_టైరు | మే 25, ఉదయం 10:31

వినాయకుడి వాహనాన్ని ఆపాలని చూస్తున్నారు, చవితికి మీరు ఊళ్ళో ఉండకపోవడమే మంచిది సార్ 😀

జోకు పక్కన పెడితే, సెల్లార్‌లో పట్టకపోవడం మీ అదృష్టం. 2020 అక్టోబరు 13 రాత్రి వానకి మా వీధిలో సెల్లార్లన్నీ నిండాయి. నీళ్ళకంటే ముందు ఎలుకలు పైకొచ్చాయి. మునగని బండి ఏది ఉంటే దాంట్లోకి ఎక్కాయి. మా కారు ర్యాంపు మీద ఉంది, ఇంజనులో ఏడింటిని లెక్కపెట్టాం. ప్లాటులో ఎత్తైన చోటు చూసి పెట్టండి. నీళ్ళు చేరిన రోజు బొరియల్లో ఉన్నవన్నీ మీ బండి వైపే నడుస్తాయి.

ఇన్సూరెన్సు కాగితం కూడా తీసి చదువుకోండి. థర్డ్ పార్టీ అయితే ఏమీ రాదు. ఫుల్ పాలసీలో ఇస్తామన్నా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం తరుగు కోస్తారు. వైరింగంటే ఇంకేముంది మరి.

సంచారి_షామీర్‌పేట | మే 26, రాత్రి 11:15

రెంచీ గారు చెప్పినట్టు బండి కింద పడుకున్నాను. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండలకి రాత్రి పదింటికి కూడా నేల కాలుతోంది. బనీను తడిసిపోయింది. మా ఆవిడ చాపా విసనకర్రా తెచ్చి ఇచ్చి పక్కన నిలబడి నవ్వింది.

లెక్క తేలింది: పదకొండు పొక్కలు! వైర్లు పోయే కన్నాలు నాలుగు, సింకు నీళ్ళ గొట్టం చుట్టూ ఒకటి, షవరు కింద ఒకటి, గేరు రాడ్డు రబ్బరు చిరిగి ఒకటి, వెనక తలుపు కింద రబ్బరు ఊడి రెండు, సిలిండరు పెట్టే అర అడుగున రెండు. ఇవన్నీ బండి కట్టినాయన వదిలేసినవే. ఫోటోలు పెట్టాను. ఫోము స్ప్రే కొట్టించేయనా?

రాణిగంజ్_రెంచీ | మే 27, ఉదయం 7:48

ఫోటోలు చూసిన. మంచిగ పట్టినవ్ అన్నా.

ఉత్త ఫోము కొట్టకు. ఎల్కకు గది బొరుగుల లెక్క, ఒక్క రాత్రిల తవ్వుతది. గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చి పొక్కల బిగ్గ కుక్కు, దాని మీద ఫోము కొట్టు. పీచు పంటికి తగిలితే ముందుకు పోదు. స్టెయిన్‌లెస్‌దే తీసుకో, వట్టి ఇనుపదైతే మన వానలకు తుప్పు పట్టి నెలల రాలిపోతది. పెద్ద పొక్కలకు పావు అంగుళం కన్నాల జాలి కోసి రివిట్లు కొట్టాలె. కోళ్ళ జాలి వద్దు, దాంట్ల కన్నం పెద్దగుంటది, చిట్టెల్క నవ్వుకుంట పోతది.

గిది మాత్రం మంచిగ చదువు. సిలిండరు అర అడుగున ఉన్న రెండు పొక్కలు బండి కట్టినోడు మర్శిపోయినయ్ కావు, కావాలనే పెట్టినయ్. గ్యాసు గాలికంటె బరువు, లీకైతే కిందికి దిగి బయటికి పోవాలె. గవి ఫోముతోని మూసినవంటే ఎల్క సంగతి దేవుడెరుగు, బండే లేస్తది. ఆడ జాలి ఒక్కటే పెట్టు. సిలిండరు తీస్కపోయి ఇంట్ల పెట్టుకో.

సైలెన్సరు నోట్ల పీచు కుక్కి బయట గుడ్డ కట్టు. గాలి పీల్చే గొట్టానికి జాలి. ఎన్ని మూసినవో కాగితం మీద రాసి స్టీరింగుకు ఎర్ర గుడ్డతోని కట్టు. మర్శిపోతవ్, అందరు మర్శిపోతరు.

టైర్ల మీద బరువు పడకుండ చాసీ కింద చెక్క దిమ్మెలు పెట్టి లేపు. నాలుగు నెలలు ఒక్కతీరుగ నిలబడితే టైరు చప్పిడైతది.

బోను_భాయ్ | మే 27, ఉదయం 11:20

నేను పెస్ట్ కంట్రోల్ పని చేస్తాను సార్, పన్నెండేళ్ళయింది. మందు మాదే అయినా చెబుతున్నా, బండి లోపల మాత్రం వద్దు. బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందు కేకు తిన్న ఎలుక అక్కడికక్కడే పడదు. మూడు నుంచి ఐదు రోజులు తిరిగి, రక్తం గడ్డకట్టక చస్తుంది. ఆఖర్న పోయి దాక్కునేది మీ ప్యానెల్ వెనకే. నాలుగు నెలలు ఆ వాసనతో బండి మూసి ఉంటే తరవాత లోపలి చెక్క మొత్తం ఊడదీయాలి.

పెట్టాలనుకుంటే గోడవారన, తాళం ఉన్న పెట్టెలో, బయటనే.

ఎవరైనా సెల్ఫాస్ బిళ్ళలు పెట్టమంటే వాళ్ళ మాట అస్సలు వినకండి. గాలిలో తేమ తగిలితే విషవాయువు వస్తుంది. మామూలు జనానికి అమ్మకూడని సరుకు అది. ఇళ్ళలో పెట్టి కుటుంబాలకి కుటుంబాలే పోయిన కేసులున్నాయి.

జువాలజీ_మాస్టారు | మే 27, సాయంత్రం 5:55

భాయ్ నిజాయితీగా చెప్పారు, సంతోషం. నేను ఇంకో అడుగు ముందుకేస్తాను. బయట కూడా వద్దు. మందు తిన్న ఎలుక మత్తుగా తిరుగుతుంటే గుడ్లగూబకో పిల్లికో సులువుగా చిక్కుతుంది, ఆ విషం వాటికీ ఎక్కుతుంది. పక్కన కోళ్ళున్నాయి, ఊరకుక్కలుంటాయి. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టవుతుంది.

బోను_భాయ్ | మే 27, సాయంత్రం 6:30

మాస్టారూ, గుడ్లగూబ వచ్చేదాకా ఆగితే మాకు కూడు ఉండదు 🙂 సరే, బోనే పెడదాం. జిగురు అట్టలు కూడా వద్దులెండి. ఎలుక రెండు రోజులు గిలగిలా కొట్టుకుంటుంది, జంతు సంక్షేమ బోర్డు కూడా వాటిని ఆపించమని రాష్ట్రాలకి రాసింది. బేగంబజార్‌లో తీగ బోనులు దొరుకుతాయి. ఎరకి జున్నూ గిన్నూ సినిమాల్లో మాట. కొబ్బరి ముక్క నిప్పుల మీద కాల్చి కట్టండి, లేదా ఉల్లి పకోడీ. మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఊరికే తిననివ్వండి. కొత్త వస్తువంటే పెద్ద ఎలుకకి అనుమానం. మూడో రాత్రి విప్పండి.

కానీ మీరు ఊళ్ళో ఉండరు. పడిన ఎలుకని రోజూ తీసేవాళ్ళు లేకపోతే బోను పెట్టకండి. అది ఇంకో పాపం.

వంటబండి | మే 28, ఉదయం 9:10

బాబాయ్ గారూ, పొక్కలు మూయడం సగం పని. లోపల తిండి వాసన లేకుండా చేయడం మిగతా సగం, అది పిన్ని గారి చేతిలో ఉంటుంది. నేను ఏం చేస్తానో చెబుతాను.

ఉప్పు తప్ప ఇంకేదీ ఉంచను. సీలు తీయని మ్యాగీ కూడా దించేస్తాను, ప్లాస్టిక్ కవరు ఎలుకకి లెక్కా? టిష్యూ కాగితాలు, పాత పేపర్లు, దూది, కొబ్బరి పీచు, అన్నీ బయటికే, అవి గూడు సామాను. పోయినసారి నా సబ్బు తిని పోయాయి. కొవ్వొత్తులు కూడా ఉంచొద్దు. డ్రాయర్లు, అరలు తెరిచి పెడతాను, చీకటి మూలలు తగ్గుతాయి, గాలి ఆడుతుంది. పరుపు గోడకి నిలబెడతాను, వీలైతే ఇంటికే తెచ్చేస్తాను.

మన బళ్ళలో సింకు గొట్టానికి వంపు ఉండదు, తిన్నగా బయటికి పోతుంది. బొద్దింకలకి అది మెట్లదారి. కింద చివర జాలి కట్టి, పైన మూత బిగించండి. నీళ్ళ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి, అడుగున గ్లాసుడు నీళ్ళు మిగిలినా దోమలు పెరుగుతాయి. చీమల సుద్ద గీస్తే గీయండి గానీ అది పలక బలపంలా ఉంటుంది, పిల్లలకి అందేచోట వదలొద్దు.

డెట్రాయిట్_డబ్బా | మే 28, ఉదయం 9:45

స్టౌ బర్నరు సన్న రంధ్రానికి టేపు వేయండి. సాలీళ్ళు అందులో గూడు అల్లితే తరవాత మంట నీలంగా కాక పసుప్పచ్చగా వస్తుంది, మసి పడుతుంది. చిన్న విషయం అనుకోకండి. 2011లో మజ్దా కంపెనీ ఇక్కడ వేలాది మజ్దా-6 కార్లు వెనక్కి పిలిచింది, పెట్రోలు ట్యాంకు గాలిగొట్టంలో ఒక రకం సాలీడు అల్లిన గూడు వల్ల.

సోలార్ పలక కింద సందుకీ జాలి కొట్టించండి. మన హైదరాబాద్ పావురాలు ఊరుకోవు.

సంచారి_షామీర్‌పేట | జూన్ 2, రాత్రి 10:50

రేపే ప్రయాణం. అన్నీ చేశాను, కలరా ఉండలు వెనక్కి ఇచ్చేశాను. పీచు పన్నెండు, జాలి ముక్కలు ఐదు. మొత్తం ఖర్చు రెండు వేల మూడొందలు, అందులో సగం రివిట్లు కొట్టినాయన కూలి. టైరు గారు చెప్పిన ఎత్తైన చోటే, గోడకి నాలుగడుగుల ఎడంగా. వేపకొమ్మ ఒకటి టాపు మీదికి వాలితే కొట్టించాను. చుట్టూ గడ్డి చెక్కించాను. చాసీ కింద నాలుగు మామిడి దిమ్మెలు. స్టీరింగుకి ఎర్ర గుడ్డ, దానికి కాగితం.

టైర్ల చుట్టూ ముగ్గుపిండి చల్లించాను, ఈ ఉపాయం మా ఆవిడది. వారానికోసారి తాత చూసి అడుగులు పడితే ఫోను చేస్తాడు. వాన పడితే మళ్ళీ చల్లాలి. లోపల ఒక కెమెరా కూడా పెట్టాను.

జువాలజీ_మాస్టారు | జూన్ 3, ఉదయం 5:40

ముగ్గుపిండి ఉపాయం అమోఘం. మా చెల్లెమ్మకి నా నమస్కారం చెప్పండి. కొత్తగా బొరియ కనిపిస్తే దాంట్లో కాగితం ఉండ కుక్కి తెల్లారి చూడమనండి, బయటికి నెట్టేసి ఉంటే లోపల ఎవరో ఉన్నట్టు. శుభప్రయాణం.

సంచారి_షామీర్‌పేట | జూలై 19, ఉదయం 7:30

న్యూజెర్సీ నుంచి. మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం.

బండి సంగతి. నిన్న కెమెరా చూస్తే లోపల తాత! వాన కురుస్తోంది, ఆయన నా మంచం మీద కూర్చుని కాల్చిన మక్కకంకి తింటున్నాడు. వెనక్కి తిప్పి చూస్తే పది రోజులుగా ఇదే వరస. ఒకరోజు పల్లీలు, ఒకరోజు సర్వపిండి. తలుపు కూడా ఓరగా తీసే ఉంచుతున్నాడు, బీడీ పొగ పోవడానికి. పదకొండు పొక్కలు మూసి పన్నెండోది తాళం చెవితో సహా నేనే ఇచ్చి వచ్చాను. ఫోను చేసి నాలుగు తిడదామంటే మా ఆవిడ ఆపింది. ఏం చేయమంటారు?

రాణిగంజ్_రెంచీ | జూలై 19, ఉదయం 8:15

తిట్టకు అన్నా. ముసలోడు, వాన పడ్తుంది, నీ బండి తప్ప ఆడ ఇంకేం నీడ ఉన్నది? గేటు కాడ నాలుగు రేకులు, ఒక కుర్చీ ఏపియ్యి. ఆయన ఆడ కూసుంటడు.

వంటబండి | జూలై 19, ఉదయం 8:40

రెంచీ అన్న మాటే నా మాట. ఆ కంకి బెండు ఎక్కడ పడేశాడో మాత్రం అడగండి. నేను రేపు శామీర్‌పేట చెరువు వైపు వెళ్తున్నాను, లొకేషన్ పంపితే ఒకసారి తొంగి చూసి ఊడ్చి వస్తాను.

డెట్రాయిట్_డబ్బా | జూలై 19, ఉదయం 9:05

అక్కా, పెంటికలు కనబడితే పొడి చీపురుతో ఊడవద్దు. దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ముందు తలుపులన్నీ తీసి అరగంట ఆగండి. గ్లవ్స్, మాస్కు వేసుకుని, ఒక పాలు బ్లీచింగు ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితంతో తుడవండి. మా దేశంలో ఎలుక పెంటికల దుమ్ముతో సోకే హంటా వైరస్ భయం, 1993లో నాలుగు రాష్ట్రాలు కలిసే మూల బయటపడ్డప్పటి నుంచి అందరికీ ఇదే చెబుతారు.

జువాలజీ_మాస్టారు | జూలై 19, ఉదయం 9:50

మనకి వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం, ఎలుక మూత్రం కలిసిన తడి వల్ల. కాలికో చేతికో చిన్న గాయం ఉన్నా చాలు. బూట్లు వేసుకుని వెళ్ళమ్మా.

వంటబండి | జూలై 20, రాత్రి 8:20

వెళ్ళొచ్చాను. సీటు కింద రెండు బెండ్లు, గుప్పెడు పల్లీ తొక్కలు, వాటి నిండా ఎర్రచీమలు. డ్రైవరు సీటు పక్కన చిట్టెలుక పెంటికలు ఓ పదిహేను, కొత్తవే, నల్లగా మెత్తగా ఉన్నాయి. అంతా తడిపి తుడిచాను. గూడు లేదు. తాత పాపం భయపడ్డాడు, పని పోతుందని. "మంచిగ చూస్కుంటున్న బిడ్డా, గందుకే లోపల కూసున్న" అన్నాడు. ఆయనకి తీగ బోను ఇచ్చి వాడటం చూపించాను. తాళం చెవి నా దగ్గరే ఉంది.

సంచారి_షామీర్‌పేట | జూలై 21, ఉదయం 6:45

అమ్మా, నీ రుణం ఎలా తీర్చుకోను. రేకులకి మా బావమరిదికి డబ్బు పంపాను. తాత పొద్దున ఫోను చేశాడు, బోనులో మూడు పడ్డాయట, తీసుకెళ్ళి చెరువు గట్టు దాటించాడట.

సంచారి_షామీర్‌పేట | ఆగస్టు 30, ఉదయం 7:05

ఇంకో వార్త. బండి వెనక చక్రం దగ్గర మూరన్నర పొడవు కుబుసం కనబడిందని తాత ఫోటో పంపాడు. ఎలుకలు పోయి పాము వచ్చింది.

జువాలజీ_మాస్టారు | ఆగస్టు 30, ఉదయం 7:40

ఫోటో తేటగా లేదు. పొలుసులూ వెడల్పూ చూస్తే జెర్రిపోతుది కావచ్చు. అది విషం లేనిదే, ఎలుకలున్న చోటికి వాటి కోసం వస్తుంది, అవి తగ్గితే తనే పోతుంది. అయినా ఫోటో చూసి నాగుపాము కాదని నేను పూచీ పడను. చక్రం సందులో చేయి పెట్టకుండా కర్రతో తట్టి, టార్చి వేసి చూడమనండి. అక్కడే తిష్ఠ వేసిందనిపిస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి ఫోను చేస్తే వచ్చి పట్టుకెళ్తారు. కొట్టనివ్వకండి.

సంచారి_షామీర్‌పేట | అక్టోబరు 22, మధ్యాహ్నం 12:10

వచ్చేశాం. పొద్దున్నే ప్లాటుకి వెళ్ళాను. ముందు శుభవార్త: ఒక్క వైరు తెగలేదు. లోపల ఒక్క పెంటిక లేదు. సింకు, స్టౌ, ట్యాంకు అన్నీ పొడిగా ఉన్నాయి. సోలార్ పలక కింద పావురాలు రాలేదు. తాత రేకుల కింద కుర్చీలో దర్జాగా ఉన్నాడు, పక్కన చిన్న పొయ్యి కూడా పెట్టుకున్నాడు.

ఇప్పుడు రెండోది. మంచం కింద పలక నొక్కితే వేలు దిగింది. చెదలు! అరచేయంత మేర ప్లైవుడ్డు లోపల డొల్ల. కిందికి వంగి చూస్తే మామిడి దిమ్మె నిండా పుట్టమట్టి, అక్కణ్ణుంచి చాసీ ఇనుము మీదుగా వేలెడు లావున మట్టిదారి పలక దాకా. ఎలుక రాకుండా పదకొండు దారులు మూసి, చెదలుకి నాలుగు మెట్లు వేశాను.

రాణిగంజ్_రెంచీ | అక్టోబరు 22, మధ్యాహ్నం 12:32

దిమ్మెలు నేనే చెప్పిన అన్నా. తప్పు నాది. సిమెంటు ఇటికె చెప్పాల్సింది. మా షెడ్డుల కింద గచ్చు ఉంటది, మట్టి మీద చెక్క పెడితే ఏమైతదో సోయి రాలే. పలక మారుస్త, ఆదివారం పొద్దుగాల వస్త. పైసలు మాట ఎత్తకు.

జువాలజీ_మాస్టారు | అక్టోబరు 22, మధ్యాహ్నం 1:05

నేనూ ఆ దిమ్మెల మాట చదివి ముగ్గుపిండిని పొగిడి ఊరుకున్నాను. నాకూ వాటా ఉంది.

కంగారు పడకండి. ఈ చెదలుకి నేల తేమ అందుతూ ఉండాలి. దిమ్మెలు తీసి దూరంగా కాల్చేసి, మట్టిదారిని గీకి తుంచేస్తే పైన చిక్కుకున్నవి ఎండిపోతాయి, పైన ఎక్కడా నీరు కారకపోతే. తొలకరికి దీపం చుట్టూ ముసురుకునే ఉసిళ్ళు వీటి రెక్కల తోబుట్టువులే. కొత్త పలక బిగించే ముందు అన్ని వైపులా, అంచులతో సహా, బోరాక్సూ బోరిక్ యాసిడూ కలిపిన నీళ్ళు రెండు పూతలు పూయండి. వాటర్‌ప్రూఫ్ ప్లై అని రాసి ఉంటే చెదలు పట్టదని అర్థం కాదు.

సంచారి_షామీర్‌పేట | అక్టోబరు 22, సాయంత్రం 4:48

దిమ్మెలు తీసేశాం. జాక్ దించి బండి స్టార్ట్ చేస్తుంటే ఒక చిన్న ఇబ్బంది. బ్యాటరీ బానే ఉంది, గిర్రుమని తిరుగుతోంది, అంటుకుని రెండు క్షణాల్లో ఆగిపోతోంది. ఆరుసార్లు ప్రయత్నించాను. డీజిల్ పాడయిందంటారా?

రాణిగంజ్_రెంచీ | అక్టోబరు 22, సాయంత్రం 4:50

అన్నా, స్టీరింగుకు ఎర్ర గుడ్డ ఉన్నదా?

సంచారి_షామీర్‌పేట | అక్టోబరు 22, సాయంత్రం 4:53

ఉంది. అడ్డంగా ఉందని పొద్దున్నే విప్పి జేబులో పెట్టుకున్నాను. కాగితం కూడా.

రాణిగంజ్_రెంచీ | అక్టోబరు 22, సాయంత్రం 4:54

సైలెన్సర్ల పీచు తీసినవా?

సంచారి_షామీర్‌పేట | అక్టోబరు 22, సాయంత్రం 4:57

దిగుతున్నాను. చాప ఎక్కడ పెట్టిందో మా ఆవిణ్ణి అడగాలి.